తానుకీ తానాకీ మధ్య

పాలిటెక్నిక్‌లో టెక్స్‌టైల్ చదివే పిల్లలు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. "సార్, ముప్పై ఆరేళ్ళు మగ్గాల మధ్య గడిపారు కదా, మీ అనుభవాలు రాసివ్వండి, మా పత్రికలో వేసుకుంటాం" అన్నారు. చెవిలో మిషను పెట్టుకున్నా నాకు సగమే వినబడింది. మిగతా సగానికి తల ఊపాను. ఒప్పుకున్నాననుకుని తెల్లకాగితాలు కూడా ఇచ్చి వెళ్ళిపోయారు. పోయేముందు వాళ్ళలో ఒక అమ్మాయి నాకు అర్థం కాలేదని పసిగట్టి చీటీ మీద రాసి చూపించింది: "మన రాయచూరులో కనిపెట్టిన ఫిల్టరు గుడ్డ గురించి తప్పకుండా రాయండి."

ఆ చీటీ లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదు. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ పూలదండ వేశారో ఇందులో ఉండదు. ఒక గుడ్డ కథ మాత్రం రాస్తాను. చదివాక మీ పత్రికలో వేసుకుంటారో లేదో మీ ఇష్టం.

ఎవరూ కట్టుకోని గుడ్డ

రాయచూరు ఊరి బయట హైదరాబాద్ రోడ్డు మీద ఉండేది మా మిల్లు. చీరలూ పంచెలూ నేసేవాళ్ళం కాదు. నూనె మిల్లుల్లో నూనె వడకట్టే గుడ్డ, ఫ్యాక్టరీల్లో సరుకు మోసే బెల్టుకు వాడే మందపాటి కాన్వాసు, లారీల మీద కప్పే తాటిపత్రి గుడ్డ, ఇవీ మా సరుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ "నువ్వు నేసిన గుడ్డ ఒక తునకన్న తేరా, సూస్త" అని అడిగితే బెల్టు కాన్వాసు ముక్క తెచ్చి చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇదేంది, గుడ్డనా చాపనా" అంది. తరవాత దాన్ని గడప దగ్గర కాళ్ళు తుడుచుకోవడానికి వేసింది. ఇప్పటికీ నా వృత్తి గురించి నేను విన్న మాటల్లో అబద్ధం లేనిది అదే.

మీ పుస్తకాల్లో మగ్గాలు కనిపెట్టినవాళ్ళ పేర్లు ఉంటాయి, పరీక్షల్లో అడుగుతారు. చదవండి, తప్పు లేదు. కానీ పైదేశం నుంచి వచ్చిన మగ్గం మా రాయచూరు ఎండలో, మా నూలుతో ఎందుకు నడవదో ఆ పుస్తకాల్లో ఉండదు. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె లేని కొత్త మగ్గాలు మా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు రెండు నిమిషాలకోసారి ఆగిపోయేవి. కంపెనీ మనిషి పెట్టె నిండా పరికరాలతో వచ్చి వారం రోజులు లాడ్జిలో ఉండి, ఇడ్లీలు తిని, కారణం తెలియక వెళ్ళిపోయాడు. షెడ్డు ఊడ్చే ముసలామె ఒకరోజు తడి గోనెసంచి తెచ్చి పడమటి కిటికీకి కట్టింది. మగ్గాలు నడిచాయి. పోగు తెగిందో లేదో చూసే ఎలక్ట్రిక్ కన్ను మీద సాయంకాలపు ఎండ పడుతోందని ఆమె గమనించింది. ఆఫీసు రిపోర్టులో మాత్రం "వెలుతురు ఏర్పాట్లు మెరుగుపరచబడినవి" అని రాశారు. మెరుగుపరచింది ఎవరో రాయలేదు. ఆ రిపోర్టు శుభ్రమైన చేతిరాతతో రాసింది నేనే.

నోళ్ళు చదివే కొలువు

రెండు వందల మగ్గాలు ఒకేసారి కొడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకే షెడ్డులో ఎవరూ అరవరు. పెదాలు కదిలిస్తారు, అవతలివాడు నోరు చదువుకుంటాడు. ఆరు నెలల్లో ఎవరికైనా ఆ విద్య పట్టుబడుతుంది. నలభై అడుగుల దూరం నుంచి కూడా మాట్లాడుకునేవాళ్ళం. కొన్నిటికి చేతి గుర్తులుండేవి. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే కోయమని. ఉబ్బిన బుగ్గ మీద తడితే మేనేజర్ వస్తున్నాడని. ఆయన బుగ్గలో ఎప్పుడూ పాన్ ఉండేది.

పైగా మాది మూడు భాషల కొలువు. మగ్గాలు బాగుచేసే జాబర్లలో చాలామంది ఉర్దూ, నేతగాళ్ళు కన్నడం, అచ్చు ఎక్కించే ఆడవాళ్ళు మా సరిహద్దు ఊళ్ళ తెలుగు. మేనేజర్ షోలాపూర్ వైపు నుంచి వచ్చినవాడు, హిందీలో మాట్లాడేవాడు. కాబట్టి నోరు చదివేముందు ఆ నోరు ఏ భాషలో కదులుతోందో పట్టుకోవాలి. నాకు పని నేర్పిన మౌలాసాబ్ "ముందు మొహం సూడు, తర్వాత నోరు సూడు, ఇంకా అనుమానముంటే పోయి అడుగు. అడిగితే ఇజ్జత్ పోదు" అనేవాడు. మొదటి రెండూ నేర్చుకున్నాను. మూడోది నాకు పట్టలేదు.

ఇక్కడ రెండు మాటలు చెప్పుకోవాలి. నేసిన గుడ్డను చుట్టగా చుడితే దాన్ని మనం తాను అంటాం. ఉర్దూలో, హిందీలో థాన్. మగ్గం మీద నిలువుగా పరుచుకున్న పోగులను మనం పడుగు అంటాం, వాళ్ళు తానా అంటారు. చెవితో వింటే థాన్ వేరు, తానా వేరు. కళ్ళతో చూస్తే తేడా అల్లా చివర నోరు మూసుకుంటుందా, తెరుచుకునే ఉంటుందా అన్నదే. బుగ్గలో పాన్ ఉన్నవాడి నోరు ఎప్పుడూ సగం తెరుచుకునే ఉంటుంది.

లచ్చుమక్క

పడుగులో నాలుగు వేల పైచిలుకు పోగులుంటే ఒక్కొక్క పోగునూ మగ్గం తీగకున్న కంట్లోంచి కొక్కెంతో లాగి ఎక్కించాలి. ఏ పోగు తరవాత ఏ పోగు ఏ వరుసలో పోవాలన్నదే అచ్చు. గుడ్డ గుణమంతా ఆ వరుసలో ఉంటుంది. ఆ పని చేసే ఆడవాళ్ళలో లచ్చుమక్క పెద్దది. కృష్ణ ఒడ్డున సరిహద్దు ఊరు ఆమెది. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద, నన్ను "తమ్మీ" అనేది. పదమూడేళ్ళుగా బద్లీ. అంటే రోజూ పొద్దున మిల్లు గేటు దగ్గర నిలబడాలి. టైంకీపర్ పేరు పిలిస్తే లోపలికి రావాలి, పిలవకపోతే ఇంటికి పోవాలి. ఆమె అడిగిందల్లా ఒక్కటే, ఉద్యోగం ఖాయం చెయ్యమని.

ఆమె భర్త మల్లప్ప ఊళ్ళోనే ఒక నూనె మిల్లులో పనిచేసేవాడు. తవుడు నూనెను శుభ్రం చెయ్యడానికి అందులో ఒక రకం మట్టి కలిపి, మా గుడ్డ గుండా వడకడతారు. నూనె దిగిపోయాక వేడి వేడి నల్ల మట్టి గుడ్డకు పిడచలా అంటుకుని ఉంటుంది. దాన్ని ఇనుప రేకుతో గీకి తీసే పని మల్లప్పది. చేతులు కాలేవి, గుడ్డ చిరిగేది. చిరిగిన గుడ్డ ముక్కలను ఆయన ఇంటికి తెస్తే లచ్చుమక్క సోడా వేసి ఉడకబెట్టి మసిగుడ్డలుగా వాడుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర అలాంటి ముక్క ఒకటి నాకు చూపించింది. "తమ్మీ, జర గిట్ల సూడు. మట్టి అంతట అంటుకుంటలేదు. పోగు పోగును దాటే కాడనే పట్టుకుంటుంది. దాటుడు కిందికి పెడితే పైన జారదా?"

నేను నవ్వాను. ఆ ఆలోచన పుస్తకాల్లో ఉంది, దాన్ని సాటిన్ నేత అంటారు, మేం ఇంతకుముందే వేసి చూశాం, మట్టి కూడా నూనెతో పాటు జారిపోయింది అని పెద్దమనిషిలా చెప్పాను. ఆమె విని "గదెందుకు జారిందో సూసిన. కింద వదులైంది. కింద బిగించాలె" అని అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. తరవాత వారం రోజులు వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకుంది. చదువు రాదు. వరుసను పాటలా కట్టుకుని గుర్తు పెట్టుకునేది: పైన రెండు, కింద ఒకటి, ఎడం విడిచి మళ్ళీ రెండు. చివరికి ఒక మిగులు పడుగు మీద, మౌలాసాబ్‌ను బతిమాలి, తన వరుసలో అచ్చు ఎక్కించింది. పై వైపు నున్నగా, కింది వైపు గట్టిగా, రెండు మీటర్ల గుడ్డ దిగింది.

అది తనదని చెప్పకుండా, మిల్లు పంపిందని ఇస్తే ఆ ముక్కను మల్లప్ప నూనె వడకట్టే ప్రెస్సుకు తొడిగి చూశాడు. మట్టి పిడచ దానంతట అదే ఊడి కింద పడింది. రేకుతో పని పడలేదు. నూనె మిల్లు యజమానికి బాళగనూరు వైపు కాలువ కింద భూములున్నాయి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయనే స్వయంగా మా మిల్లుకు వచ్చాడు. "ఏవండీ, ఈ గుడ్డేదో చాలా బావుందండీ. ప్రెస్సు మొత్తానికి సరిపడా నేసివ్వండి. సోమారం పాత గుడ్డలు విప్పి ఇవే తొడిగేస్తాను" అన్నాడు.

మేనేజర్ లచ్చుమక్కను పిలిపించాడు. నేను పక్కనే ఉన్నాను. పాన్ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని "సోమ్‌వార్ పాస్ హో గయా తో తుమ్ ఖాయం" అన్నాడు. లచ్చుమక్క దండం పెట్టింది. బయటికి వచ్చాక నాతో "ఇంక గేటు కాడ నిలబడేది లే తమ్మీ" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంగా ఉన్నవాళ్ళ పక్కన నిలబడటం నాకు అప్పుడూ చేతకాలేదు, "పని చూసుకో పో" అన్నాను.

తొమ్మిదో నంబరు మగ్గం

లచ్చుమక్క ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని రెండు రోజులు కూర్చుని తొమ్మిదో నంబరు మగ్గానికి కొత్త అచ్చు ఎక్కించింది. శుక్రవారం నేత మొదలైంది. శనివారం మధ్యాహ్నానికి పన్నెండు మీటర్లు దిగింది. సాయంకాలానికి మిగతాది అయిపోవాలి.

నాకు జాబర్ పని ఇచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఇంకా ఖాయం కాలేదు. అవును, నేనూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను.

మధ్యాహ్నం మేనేజర్ షెడ్డు వాకిట్లో నిలబడి నన్ను చూసి నోరు కదిపాడు. తొమ్మిదో నంబరు అని వేళ్ళతో చూపించాడు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. పెదాల మీద "తానా ఉతారో" అని చదివాను. పడుగు దించెయ్యమని. ఆయన వెనక్కి తిరిగి ఆఫీసు వైపు వెళ్ళాడు.

నలభై అడుగులు నడిచి ఉంటే సరిపోయేది. సగం పడుగు మిగిలి ఉన్న మగ్గాన్ని ఎందుకు దించమంటున్నాడని ఎవరికైనా అనుమానం రావాలి. నాకూ వచ్చింది. దానికి జవాబు కూడా నేనే చెప్పుకున్నాను: ఆ గుడ్డ ఫెయిలై ఉంటుంది. ఎందుకు ఫెయిలై ఉంటుందనుకున్నానో ఇన్నేళ్ళ తరవాత దాపరికం లేకుండా రాస్తున్నాను. చదువు రాని బద్లీ ఆడమనిషి వేళ్ళ మీద లెక్కపెట్టి కట్టిన వరుస, అది నిజంగా పాసవుతుందని నేను ఏనాడూ నమ్మలేదు. రెండు మీటర్ల ముక్క బాగుందన్నప్పుడు కూడా ఏదో అదృష్టం అనుకున్నాను. నా బుద్ధి ఏం కోరుకుందో దాన్నే ఆ పెదాల మీద చూశాను.

మగ్గం ఆపాను. నేసిన పన్నెండు మీటర్ల తానును కోసి ఆఫీసుకు పంపాను. వెనకవైపు వెళ్ళి పడుగును కూడా కత్తిరించాను. నాలుగు వేల పోగులు ఒక్కసారి వదులై నేలకు జారాయి. అచ్చులో మిగిలిన పోగులను కూడా లాగేయించాను. మళ్ళీ అతకడానికి ఒక్క కొస కూడా మిగల్చలేదు. పనిలో శుభ్రత ఎక్కువని నాకు పేరు.

మేనేజర్ అన్నది "థాన్ ఉతారో" అని. నేసినంతవరకూ తాను దించి పంపితే నూనె మిల్లులో ముందుగా చూపించి వస్తానని ఆయన ఉద్దేశం.

భోజనం నుంచి వచ్చిన లచ్చుమక్క ఖాళీ మగ్గం ముందు నిలబడింది. నా వైపు చూసి పెదాలు కదిపింది: "ఏంది తమ్మీ ఇది?" నాకు అప్పటికి ఏమీ అర్థం కాలేదు కాబట్టి భుజాలు ఎగరేశాను, మేనేజర్ చెప్పాడన్నట్టు బుగ్గ మీద తట్టాను. ఆమె కిందికి వంగి నేల మీది పోగులను చేతిలోకి తీసుకుంది. వాటిని మళ్ళీ పడుగు చెయ్యడం సాధ్యం కాదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ షెడ్డులో లేరు. అయినా చాలాసేపు అలా పట్టుకునే నిలబడింది.

కేబిన్

మూడింటికి మేనేజర్ తిరిగి వచ్చాడు. షెడ్డు మూలలో ఆయన కేబిన్ ఉండేది, నాలుగు వైపులా దళసరి అద్దాలు. తలుపు వేస్తే లోపల నిశ్శబ్దం. నన్ను పిలిచాడు. ముందు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. జాబర్లను ఆయన ఎప్పుడూ కూర్చోబెట్టలేదు.

"వీరన్నా, క్యా హువా? మైనే థాన్ బోలా థా" అన్నాడు.

ఆ క్షణంలో నాకు జరిగిందంతా అర్థమైంది. నోరు తప్పుగా చదివాను సాబ్, అనాలి. అంతే. తిడతాడు. మహా అయితే జాబర్ పని పీకి మళ్ళీ మగ్గం మీద నిలబెడతాడు. లచ్చుమక్క ఇంకో పడుగు మీద నాలుగు రోజుల్లో మళ్ళీ ఎక్కిస్తుంది. నూనె మిల్లాయన నాలుగు రోజులు ఆగుతాడు.

నేను అన్న మాట ఇది: "అచ్చు తప్పు పడింది సాబ్. తాను దించుతుంటే చూసిన. పోగులు తప్పు ఎక్కించినరు, లోపల అంతా చిక్కు. అందుకే తీసేసిన."

మేనేజర్ నా మొహంలోకి చూశాడు. ఆయన బల్ల మీద ఆ పన్నెండు మీటర్ల తాను ఉంది. అందులో ఒక్క తప్పు లేదు. నూనె మిల్లులో దాన్ని పరిచి చూపించి, పొగిడించుకుని వచ్చింది ఆయనే. అంటే నేను అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలుసు. పాన్ మెల్లగా నమిలాడు. "అచ్ఛా" అన్నాడు. కాగితం తీసి నేను చెప్పినట్టే రాసుకున్నాడు, నాతో సంతకం పెట్టించాడు. బద్లీ ఆడమనిషి ఒక గుడ్డ కనిపెట్టిందని పైవాళ్ళకు చెప్పుకునే ఇబ్బంది ఆయనకు తప్పింది. జాబర్ పని పోయే భయం నాకు తప్పింది. ఒకరి మాటను ఒకరం నమ్మకుండానే ఒప్పుకుని లేచాం.

నలభై ఏళ్ళుగా షెడ్డు చప్పుడు మీద నెపం వేస్తూ వచ్చాను. కానీ కేబిన్‌లో చప్పుడు లేదు.

సోమవారం గేటు దగ్గర లచ్చుమక్క పేరు పిలవలేదు. మంగళవారం పిలవలేదు. పదిహేను రోజులు వచ్చి నిలబడి వెళ్ళింది. ఒకరోజు నేను సైకిల్ దిగి గేటులోకి పోతుంటే ఎదురైంది. "లోపల నా కొక్కెం ఉంది సాబ్, తెప్పిస్తవా?" అంది. అంతవరకూ నన్ను సాబ్ అని ఎప్పుడూ పిలవలేదు. కొక్కెం తెచ్చి ఇచ్చాను. మరునాటి నుంచి రావడం మానేసింది.

నంబరు పెట్టిన గుడ్డ

నూనె మిల్లాయన ఊరుకోలేదు. "ఆ పన్నెండు మీటర్ల గుడ్డే కావాలండీ, వేరేది వద్దు" అని మనిషి మీద మనిషిని పంపాడు. అప్పుడు మేనేజర్ ఆ తానులోంచి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బెత్తెడు పట్టీ కోసి, భూతద్దం కింద పెట్టి, సూదితో ఒక్కొక్క పోగూ విప్పించి వరుస రాయించాడు. విప్పినవాణ్ణి నేనే. పైన రెండు, కింద ఒకటి, ఎడం విడిచి మళ్ళీ రెండు. విప్పుతూ ఉంటే వరుస నోటికి వచ్చేసింది. ఎక్కడా తప్పు లేదు. నాలుగు వేల పోగుల్లో ఒక్కటి కూడా ఆమె తప్పు ఎక్కించలేదని నా కళ్ళతో, భూతద్దంలో చూశాను.

తరవాత ఆ వరుస కొత్త మగ్గాల మీదికి ఎక్కింది. గుడ్డకు ఒక నంబరు పెట్టారు. నూనె మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు, రంగుల ఫ్యాక్టరీలు అందరూ కొన్నారు. మిల్లు నడిచినంతకాలం దాని మీదే నడిచింది. మేనేజర్‌కు ఎక్కడో సన్మానం జరిగింది. ఆఫీసు గోడకు పెద్ద ఫోటో కట్టారు, "మా సాంకేతిక విభాగం రూపొందించిన ఫిల్టరు వస్త్రం" అని కింద అక్షరాలు. ఆ ఫోటోలో వెనక వరుసలో మెడ సాచి నిలబడ్డవాణ్ణి నేను. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఆ గుడ్డ గురించి పాఠం చెప్పే పని కూడా నాకే ఇచ్చారు. ఇరవై ఏళ్ళు చెప్పాను. బాగా చెబుతానని పేరు.

మీరు పనిలో చేరాక మిమ్మల్ని కూడా ఇలాంటి ఫోటోలకు పిలుస్తారు. వెనక వరుసే కదా అని నిలబడకండి. ముందు వరుసలో ఉన్నవాడికి ఉన్న బాధ్యత అక్కడా ఉంటుంది. నాకు ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరని అనను, మౌలాసాబ్ మాటల్లో చెప్పకపోయినా తన పద్ధతిలో చెప్పాడు. లచ్చుమక్కను గేటు దగ్గర ఆపేశాక రిటైరయ్యేదాకా ఆయన నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు.

ముదగల్‌లో

మిల్లు మూతపడింది. మగ్గాలను గ్యాసు కట్టరుతో కోసి తుక్కు లారీల్లో ఎత్తుకుపోయారు. మేనేజర్ కాలం చేశాడు. మీరు నా దగ్గరికి వచ్చి చీటీ ఇచ్చి వెళ్ళిన వారానికి లచ్చుమక్క ఎక్కడుందో వాకబు చేశాను. ముదగల్‌లో కూతురి దగ్గర ఉందన్నారు. లింగసుగూరు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు.

కోట దగ్గర సందులో చిన్న కొట్టు. కూతురు బట్టలు కుడుతుంది, లచ్చుమక్క చీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "కూసో సాబ్" అంది. ఆ మాట నేను వినలేదు, చూశాను. ఆమెకూ వినబడదని ఒక నిమిషంలో తెలిసింది. షెడ్డు మా ఇద్దరి చెవులనూ సమానంగానే తిన్నది. ఇంక గొంతుతో పనేముంది. పెదాలు కదుపుకుంటూ మాట్లాడుకున్నాం. కూతురు కుట్టుమిషను ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"మల్లప్ప ఎట్లున్నడు" అని అడిగాను.

"పోయిండు, మస్తు దినాలాయె. ఆఖరుకు చేతులు మంచిగైనయి. కొత్త గుడ్డ వచ్చినంక గీకుడు లేకపోయె. ఈ గుడ్డ చేసినోడు సల్లగుండాలె అనెటోడు."

"నువ్వే చేసినవని చెప్పలేదా?"

"చెప్తే ఊకుంటడా? మిల్లు కాడికొచ్చి కొట్లాడుతడు. ఆయనకున్న కామ్ కూడా పోతది. చెప్పలే."

వచ్చిన పని మొదలుపెట్టాను. బస్సులో కూర్చుని నాలుగైదు సార్లు అనుకున్న మాటలే, అయినా నోరు సరిగ్గా కదలలేదు. "లచ్చుమక్కా, ఆ దినం పడుగు కోసింది నేను. సాబ్ థాన్ అంటే నేను తానా అని చదివిన. కేబిన్ల మాత్రం అచ్చు తప్పు పడిందని..."

చేత్తో ఆపమంది. కుచ్చు ముడి బిగించి, దారం పళ్ళతో తెంపి, నా వైపు తిరిగింది.

"నాకెరికే సాబ్. అద్దాల కేబిన్ గద. నేను తొమ్మిదో నంబర్ కాడ నిలబడి మీ నోళ్ళు సూస్తున్న. అచ్చు తప్పు పడింది అన్నవ్. పోగులు తప్పు ఎక్కించినరన్నవ్. సాబ్ అచ్ఛా అన్నడు. అంతా సూసిన."

నేను ఆ పదిహేను రోజులు గుర్తు చేసుకున్నాను. అన్నీ తెలిసి గేటు దగ్గర నిలబడింది. నేను సైకిల్ మీద రోజూ ఆమె ముందు నుంచే పోయాను. ఏదో ఒకరోజు నేను దిగి నిజం చెబుతానని చూసిందేమో అడగాలనిపించింది. అడిగే ముఖం లేక, "అప్పుడే ఎందుకు అడగలేదు నన్ను" అన్నాను.

"నిన్ను అడిగేదేంది, నువ్వు చెప్పింది నేను సూస్తి గద." ఇంకో కొంగు ఒళ్ళోకి లాక్కుంది. "నాకెరికైందే నాకు చెప్పనీకె గింత దూరం వచ్చినవా? ఎరిక లేనోళ్ళకు చెప్పు పో."

మళ్ళీ తల ఎత్తలేదు. తల వంచుకుని పని చేసుకునే మనిషితో నోళ్ళు చదివేవాడు మాట్లాడలేడు. కూతురు ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

ఎరుక లేనివాళ్ళంటే ఇప్పుడు మీరే మిగిలారు. కాబట్టి మీకు చెబుతున్నాను. మీరు రాయమన్న ఫిల్టరు గుడ్డను కనిపెట్టింది లచ్చుమక్క, అచ్చు ఎక్కించే బద్లీ మనిషి. తొమ్మిదో నంబరు మగ్గం మీద అచ్చు సరిగ్గానే పడింది. పడుగు కోసింది నేను, తప్పు ఆమె మీద వేసింది నేను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇవాళ నాకు ధైర్యమేమీ అక్కర్లేదు. పోవడానికి ఉద్యోగం లేదు, తిట్టడానికి మేనేజర్ లేడు. చెప్పాల్సిన రోజున కుర్చీ వేసి, కూర్చోబెట్టి మరీ అడిగారు.